మీ రెజిమెంట్ నినాదం

సూరిబాబూ,

నువ్వు పోయాక తొలిసారి ధవళేశ్వరంలో మాజీ సైనికుల భోజనాలకు వెళ్ళాను. మీ ఆవిడనీ పిలిచారు. ఎప్పటిలాగే ఒక్కో రెజిమెంట్ వాళ్ళు లేచి తమ నినాదం అరిచారు. నేవీ, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు చప్పట్లు కొట్టారు. మీ రెజిమెంట్ పేరు పిలిస్తే ఎవరూ లేవలేదు. ఈ చుట్టుపక్కల దానికి నువ్వొక్కడివే కదా. మీ ఆవిడ తల దించుకుంది.

ఆ నినాదమంటే నాకు మొదటినుంచీ కుళ్ళు. నేను ఆర్మీలో సప్లై లారీ నడిపినవాణ్ణి, మాకలా అరిచే నినాదం లేదు. "యుద్ధం మాది, ఉల్లిపాయలు నీవిరా" అని నువ్వు నవ్విన ప్రతిసారీ ఇంటికొచ్చి, తలుపేసుకుని, మీ నినాదమే మెల్లగా అనుకునేవాణ్ణి. నీకెప్పుడూ చెప్పలేదు.

ఈసారి లేచి గట్టిగా అరిచేశాను.

"ఏంటండీ డ్రైవరుగారూ, రెజిమెంట్ ఎప్పుడు మారారు?" అన్నాడు నేవీలో చేసిన అప్పారావు. హాలంతా నవ్వింది. మీ ఆవిడ మాత్రం నా దగ్గరికొచ్చి, "అచ్చం ఆయన అరిచినట్టే ఉందండి, అన్నయ్యగారూ" అంది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

అన్నేళ్ళు లోపల దాచుకుని, చివరికి అందరి ముందూ అరిచింది నేను. ఆవిడకు వినపడింది నువ్వు. ఇంటికొచ్చేదాకా నీ మీద కోపంగానే ఉందిరా.