రంగు ఆరని గేటు

మంగళవారం, వాన

కొత్త భద్రతా నిబంధనల ప్రకారం ఈరోజు మా రిజర్వాయరు తనిఖీ అయిపోయింది. "ఒకసారి గేటు ఎత్తి చూద్దామండీ," అన్నాను. మా పై ఇంజనీరు డీఈ గారు నవ్వేశారు.

"పొద్దున్నే రంగేయించేనమ్మా, ఇంకా ఆరలేదు. సార్ల బట్టలు పాడైపోవూ?"

"ఆయ్, నిజమేనండీ," అన్నారు తనిఖీకి వచ్చిన పెద్దలు. కొబ్బరి బొండాలు తాగి, గేటు భేషుగ్గా ఉందని రాసేసి వెళ్ళారు. వరదొస్తే ఆ రంగే ఆపుతుంది కాబోలు!

గేటు ఆపరేటర్ సూరిబాబు, కాంట్రాక్టు పొడిగించకపోతే మస్కట్ వెళ్ళిపోయాడు. ఆ పోస్టులో ఇంకెవరినీ వెయ్యలేదు. ఇందాక అతనే ఫోన్ చేశాడు.

"అక్కడ వానలంట కదండీ మేడం గారూ. మావాళ్ళు గట్టు కిందే ఉన్నారండీ. గేటు దగ్గర ఎవరున్నారండీ?"

నేనున్నానని చెప్పాను. ఆ గేటు లేస్తుందో లేదో నాకూ తెలీదు.