నలభై గళ్ళ పట్టీలో పాత అక్షరాలు

మార్చి 9, ఆదివారం

అక్కకి,

చెల్లెలు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం కులాసా. నీ మోకాలి నొప్పి తగ్గిందనీ, బావగారు దగ్గుమందు వేళకి తాగుతున్నారనీ అనుకుంటున్నాను.

ఇది మామూలు కాగితం మీద రాస్తే బావగారు చదివి వినిపించాల్సి వస్తుంది. అందుకే పలకా మొనసూదీ పట్టుకుని బ్రెయిలీ చుక్కలు నేనే పొడుస్తున్నాను. చిన్నప్పుడు నా వేలు పట్టుకుని నువ్వు నేర్పిన విద్యే గానీ చేతికి అలవాటు తప్పింది. తప్పులు తగిలితే దిద్దకు, నవ్వుకో.

అసలు సంగతి చెప్తాను. పొరపాటు నీ వేళ్ళది కాదు. నా డ్రైవర్‌ది.

నీ ల్యాప్‌టాప్‌కీ, దాని మీది అక్షరాలని నీ వేళ్ళ కింద చుక్కలుగా లేపే నలభై గళ్ళ బ్రెయిలీ పట్టీకీ మధ్య నిలబడి ఇటు మాట అటు చేరవేసే ప్రోగ్రాం అది. నిరుడు నేను రాసి, నీకు వేసిచ్చి ఎన్ని గొప్పలు పోయానో. నెల తిరక్కుండానే నువ్వు ఫోన్ చేశావు, వరుస అయిపోయాక పట్టీ చివర ఏవో అక్షరాలు తగులుతున్నాయని. మీ ముద్రణాలయంలో అయిదో తరగతి లెక్కల పుస్తకం ప్రూఫుల్లో నువ్వు పట్టిన తప్పుల్లో పదిహేడు అసలు ఫైల్లోనే లేవని, అక్షరాలు కూర్చే ఆయన అందరి ముందూ నవ్వాడట.

నేను వచ్చి రెండు రోజులుండి పరీక్షించాను. ఒక్క చుక్క తేడా రాలేదు. వయసు వస్తోంది కదక్కా, వేళ్ళకి మాత్రం అలసట ఉండదా అన్నాను. నువ్వు చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టి, నా వేళ్ళు నాకు అబద్ధం చెప్పవే అని లోపలికి వెళ్ళిపోయావు. వారం తిరిగేసరికి ముద్రణాలయంలో నిన్ను ప్రూఫుల నుంచి తప్పించి అట్టలు అంటించే గదికి మార్చారు. ఇరవయ్యారేళ్ళు చేసిన పని. అప్పట్నుంచీ నా ఫోన్ ఎత్తలేదు నువ్వు.

పోయిన నెల పార్సిల్లో నీ నోటుపుస్తకం వచ్చింది, వెంట ఉత్తరం ముక్క లేకుండా. నేను వెళ్ళిన మర్నాటి నుంచి నాలుగు నెలలపాటు ఇంట్లో చదువుకున్నప్పుడల్లా, వరుస ఎన్నో గడిలో ముగిసిందో, దాని వెనక ఏ అక్షరాలు తగిలాయో తేదీ వేసి మరీ రాశావు. అరవై పేజీలు.

మా ఆఫీసులో భూతద్దం అని మేం పిలుచుకునే పెద్దాయన ఉన్నారు. ఎవరి కోడైనా గీత గీతా చదివిగానీ వదలరు. ఆయనకి ఒక పేజీ చదివి వినిపించాను. నలభై గళ్ళూ నిండిన వరుసలో ఎప్పుడైనా వచ్చిందా అని అడిగారు. పుస్తకమంతా వెతికాను. ఒక్కటీ లేదు. పొట్టి వరుసల వెనకే. అలసిన వేళ్ళు వరుస పొడుగు చూసుకుని పొరబడవమ్మా అన్నారు. పరీక్ష చేసినప్పుడు మెషీన్ ప్రతిసారీ ఆపి మళ్ళీ మొదలుపెట్టావా అని కూడా అడిగారు. అవునన్నాను. మరి మీ అక్కగారో అన్నారు. ఎప్పుడూ ఆపదండీ, మూత వేస్తుందంతే అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. నేను వెళ్ళి నా కోడు తెరిచాను.

ప్రతి వరుసకీ నా డ్రైవర్ మెషీన్‌ని దాని మెమరీలో నలభై గళ్ళ జాగా అడుగుతుంది. అద్దెగది లాంటిదనుకో. ముందున్నవాళ్ళ సామాను ఎక్కడిదక్కడే ఉంటుంది, ఊడ్చుకోవాల్సింది కొత్తగా దిగినవాళ్ళే. వరుస ముప్పై గళ్ళదైతే నేను ఆ ముప్పై నింపి, తక్కిన పదీ ఊడవకుండానే పట్టీకి పంపించాను. అప్పుడే మొదలైన మెషీన్‌లో ఆ పది గళ్ళూ ఖాళీగానే ఉన్నాయి గనక నాకేం తెలియలేదు. రోజుల తరబడి నడిచే నీ మెషీన్‌లో పాత వరుసల తోకలు నీ వేళ్ళకి తగిలాయి.

రూఢి చేసుకోవడానికి, జాగా డ్రైవర్ చేతికి వచ్చేముందే ప్రతి గడిలోనూ ఆరు చుక్కలూ లేచి ఉండేలా ఏర్పాటు చేసి, ఒక పొట్టి వాక్యం పంపాను. వాక్యం అయిపోయింది. దాని వెనక తొమ్మిది గళ్ళు ముళ్ళలా నిలబడ్డాయి. కళ్ళు మూసుకుని తడిమాను. చాలాసేపు వేలు తీయబుద్ధి కాలేదు.

సరిదిద్దడానికి ఒక్క లైను సరిపోయింది, ముందు నలభై గళ్ళూ ఖాళీ చెయ్యమని. ఈ పట్టీ వాడేవాళ్ళందరికీ సోమవారం కొత్త డ్రైవర్ పంపాం. లోపం పట్టుకున్నది ఒక ప్రూఫ్‌రీడర్ అని దాని వెంట నీ పేరు కూడా రాశాను. భూతద్దం గారు ఆ వాక్యంలో అక్షరం మార్చలేదు. మీ సూపర్‌వైజర్ మేడంకి కూడా, ఆ పదిహేడు తప్పులు ఎలా వచ్చాయో విడమరిచి రాశాను. నీ కుర్చీ నీకే ఇస్తామని శుక్రవారం జవాబొచ్చింది.

బావగారికి నమస్కారాలు.

నీ చెల్లెలు

తా.క.: ఇక్కడితో ఆపి మడిచి, మళ్ళీ విప్పాను. నీ నోటుపుస్తకం మొదటి పేజీలో ఉన్న తోకలు ఏ పుస్తకంలోవీ కావు. స్పర్శ తగ్గి. తేలికైన పని. నేను చెప్పానని. తెలియనివ్వకండి.

ఆ రోజు నువ్వు లోపలికి వెళ్ళిపోయాక, నా ముందున్న నీ ల్యాప్‌టాప్ మీదే మీ మేడంకి నేను పంపిన ఉత్తరంలోని ముక్కలవి. పట్టీ తగిలించే ఉంది. నేను రాసిన ప్రతి వరుసా దాని గుండానే వెళ్ళింది. నిన్ను అట్టల గదికి పంపించింది నేనే అక్కా. నీ మీద బెంగతో రాస్తున్నాననుకున్నాను. నా డ్రైవర్‌లో తప్పుందని ఒప్పుకోవడం కంటే నీ వేళ్ళలో ఉందనుకోవడం నాకు సుళువైంది, అంతే.

ఆ ముక్కలు నీకు మర్నాడే తగిలాయి. నువ్వు వాటికీ తేదీ వేసి, గడి సంఖ్య వేసి, అన్నిటితోపాటే ఎక్కించావు. తెలిసీ నాలుగు నెలలు రాసి, లోపం వెతకమని నాకే పంపావు.

వచ్చే ఆదివారం వస్తాను. తలుపు తీయబుద్ధి కాకపోతే బావగారి చేత చెప్పించకు. లోపలి నుంచైనా సరే, నువ్వే చెప్పు. విని వెళ్తాను.