మస్తాన్ భాయ్ ఇఖామా

ఫర్వానియా, శుక్రవారం, నవంబర్ 2011

నా మీద నాకే ఒళ్లు మండిపోతోంది. ఫోన్ సిమ్ కోసం జెరాక్స్ తీయిస్తానని నిన్న మా గదిలోనే ఉండే మస్తాన్ భాయ్ దగ్గర ఇఖామా కార్డు తీసుకున్నది నేను. తిరిగి ఇవ్వడం మరిచిపోయిందీ నేనే. ఈ గల్ఫ్ దేశంలో ఉండటానికి అనుమతి ఆ కార్డే, అది లేకుండా బయట తిరిగితే పోలీసులు పట్టుకుపోతారు. సెలవు రోజు కదా అని పొద్దున్నుంచి గదిలో కూర్చుని దూరవిద్య క్రిమినల్ జస్టిస్ డిప్లొమాకు చదువుకుంటున్నాను. పాఠం అరెస్టయినవాడి హక్కులు. అప్పుడే, నమాజుకు వెళ్లిన భాయ్ ఫోన్ చేశాడు.

"నా ఇఖామా యాడ పెట్టినావు శీనూ? పోలీసోళ్లు బండెక్కిస్తాండారు."

గదంతా వెతికితే అది నా పుస్తకంలోనే ఉంది, పేజీ గుర్తుకని పెట్టాను. మసీదు దగ్గరికి పరుగెత్తుకెళ్లేసరికి పోలీసు బండి వెళ్లిపోయింది. స్టేషన్లో, చదివిన హక్కుల్లో ఒక్కటీ నోటికి రాలేదు. కార్డు ఇచ్చి, కూర్చోమంటే కూర్చున్నాను. మూడు గంటల తర్వాత ఆయన్ను వదిలారు.

దారిలో భాయ్, "లోపల మనోళ్లు శానామంది ఉండారబ్బా. ఎందుకు పట్టుకున్నారో ఎవురికీ తెలీదు. నువ్వు సదువుతాండావు గదా, మాకూ కొంచెం చెప్పు" అన్నాడు.

సరేనన్నాను. ఎందుకన్నానో తెలియదు. నా పుస్తకం నిండా ఉన్నది ఇండియా చట్టం. ఇక్కడి చట్టం గురించి అందులో ఒక్క వాక్యం కూడా లేదు. ఆ సంగతి చెబుదామని ఇందాక లేచాను. అప్పటికే ఆయన పక్క గదుల వాళ్లందరికీ చెప్పేశాడు, రేపు సాయంత్రం ఏడింటికి శీను క్లాసు చెబుతాడని.