నాయనమ్మ కొంగు ముడి

1941, మాఘమాసం, గురువారం రాత్రి

కంటి దవాఖానలో చూపిద్దామని నాయనమ్మను గద్వాల నుంచి పట్నం తీసుకొచ్చాను. కాచిగూడ స్టేషన్‌లో దిగీ దిగగానే, ఆ జనాన్ని చూసి తన కొంగును నా కండువా చెంగుకు కట్టబోయింది. మగ్గం మీద తెగిన పోగుకు వేసే ముడి అది. చిన్నప్పుడు సోమశిల జాతరలో నన్ను అట్లా కట్టుకునే తిప్పేది. ఇవాళ నాకు సిగ్గేసింది.

"అందరు చూస్తుండ్రు, వద్దు" అని కసిరాను. బయటి ఇనుప కంచె దగ్గర నిలబెట్టి టాంగా కోసం వెళ్లాను.

తిరిగొచ్చేసరికి కొంగును ఆ కంచె కడ్డీకి కట్టుకుని నిలబడి ఉంది.

"ఏంది నాయనమ్మా, గిట్ల?"

"జనం తోస్కపోతే నన్ను యాడ దేవులాడుతవ్ బిడ్డా? నువ్వు నిలబెట్టిన కాడ్నే ఉండాలె గద."

విప్పబోయాను. కలం పట్టే నా వేళ్లకు ఆ ముడి లొంగలేదు. చూపు ఆనని నాయనమ్మే తడిమి, ఒక్క క్షణంలో విప్పేసింది. నా కండువా చెంగు ఆమె చేతిలో పెట్టాను.

రేపు దవాఖానలో ఏమంటారో... నాయనమ్మ నిద్రపోయింది. నా కండువా ఇంకా ఆమె కొంగుకే ముడిపడి ఉంది.