పిన్నికి ఒక్క టిక్కు

మార్చి 4, మంగళవారం

ఆక్సిజన్ సిలిండర్లు ఇళ్లకు పంపే ఆఫీసు మాది. అందరికీ ఒకటే లాగిన్. నిన్న ఎవరో ఒక ఆర్డర్ క్యాన్సిల్ చేశారు. ఎవరంటే అందరూ ఫ్యాన్ కేసి చూశారు. దాంతో ఎవరి లాగిన్ వాళ్లకు పెట్టమని, కంప్యూటర్లు చూసే నాకు చెప్పాడు మేనేజరు. ఏడాదిగా నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాను, ఇప్పటికి వినపడింది మహానుభావుడికి.

మార్చి 6

సిలిండర్ గేటు దాటాలంటే సిస్టంలో రిలీజ్ నొక్కాలి. ఆ పర్మిషన్ మేనేజరుకీ, కౌంటర్లో కూర్చునే పిన్నికీ పెట్టాను. ఆఫీసంతటికీ ఆవిడ పిన్నే. ఆయన పిన్నికి తీయించేశాడు. ఆదివారం మీరుండరు కదా అన్నాను. ఫోన్ నా జేబులోనే ఉంటుంది, వీడియోలు చూసి నేర్చిన తెలివి నా దగ్గర చూపించకు అన్నాడు. పిన్ని పేరు పక్కన ఒక్క టిక్కు! దానికింత బెట్టు.

మార్చి 7

మళ్లీ అడిగాను. తల కూడా ఎత్తలేదు.

మార్చి 9, ఆదివారం, మధ్యాహ్నం

బస్సులోనే రాస్తున్నాను.

ఒక పెద్దావిడకి ఇంట్లో ఆక్సిజన్ అయిపోవస్తోంది. సిలిండర్ వ్యానెక్కింది, వ్యాన్ గేటు దగ్గరే ఆగింది. రిలీజ్ లేదు. మేనేజరు ఫోన్ స్విచ్ఛాఫ్. రిలీజ్ లేకుండా గేటు తీస్తే తన ఉద్యోగం ఊడుతుందన్నాడట వాచ్‌మన్ బాబాయి. పిన్ని ఫోన్ చేసి ఏడుపూ తిట్లూ కలిపి కురిపించింది. తాళాలేసింది నువ్వేగా, తీసి చావవే తల్లీ అంది. అమ్మ పెదాలు నీలంగా అవుతున్నాయని పెద్దావిడ కొడుకు రెండో ఫోన్లో అరుస్తున్నాడట.

ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసు కంప్యూటర్లో, మేనేజరు ఫోన్లో తప్ప తెరుచుకోదు. అన్ని పర్మిషన్లూ ఉన్న నా అడ్మిన్ పాస్‌వర్డ్ చెప్పేశాను. ఒక్కో అక్షరం అరిచి మరీ. బస్సంతా విన్నది. పెద్ద ఎస్ అంటే, ఉన్నదే ఒక ఎస్సు, పెద్దది ఎక్కణ్నించి తేవాలే అని పిన్ని. రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారీ తప్పితే లాక్. ఆ రూలూ నేనే పెట్టాను. నా చెప్పుతో నన్నే కొట్టాలి.

తెరుచుకుంది. రిలీజ్ నొక్కింది. వ్యాన్ వెళ్లిందట.

సాయంత్రం

సిలిండర్ పెట్టారు. ఊపిరి అందుతోందట.

మార్చి 10

పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పరాదని నేను గోడకు అంటించిన కాగితం చింపి తెచ్చి, నాకే చదివి వినిపించాడు మేనేజరు. నీ ఉద్యోగం రేపటితో ఆఖరన్నాడు. నిన్న తమరెక్కడున్నారు బాబూ అని పిన్ని లేచింది. సినిమా హాల్లో ఉన్నాడట. ఫోన్ ఆపెయ్యమని తెర మీద వేశారట. నాకొచ్చింది నవ్వో ఏడుపో తెలియలేదు.

మార్చి 11

నా లాగిన్ తీసేసే హక్కు నాకు తప్ప ఎవరికీ లేదు. నువ్వే తీసేసుకుని పొమ్మన్నాడు.

ముందు పిన్నికి రిలీజ్ టిక్కు పెట్టాను. అడ్మిన్ ఆయనకిచ్చాను. తీసెయ్యాలంటే ఆ టిక్కు ఎక్కడుందో వెతుక్కోనీ. తర్వాత నా పేరు మీద డిలీట్ నొక్కాను.

ఆర్ యూ ష్యూర్ అని అడిగింది కంప్యూటర్. ఈ ఆఫీసులో నన్నొక మాట అడిగి చేసింది అదొక్కటే.