మొదటి ముడి

మావా, అమ్మ వేళ్లు అంటురోగంతో వంకరపోయాయని ఊరంతా చెప్పి, కొత్త వలకి మొదటి ముడి వేరేవాళ్లచేత వేయించావు. అది అంటదు. రోగాలతో పోరాడాల్సిన యాంటీబాడీలనే ప్రొటీన్లు పొరపడి సొంత కీళ్లమీదే పడ్డాయట. డాక్టరు చెప్పాడు, ఐసు ఫ్యాక్టరీలో ఖాళీ దొరికినప్పుడల్లా ఫోనులో నేనూ చదివాను.

నా చిన్నప్పుడు నువ్వే ఇసుకలో వల పరిచి, మీ అక్కని, అదే అమ్మని పిలిచి, "అప్పా, నీ ముడి పడకపోతే నా పడవ కదల్దే!" అనేవాడివి. అమ్మ నవ్వుతూ, నా నోట్లో కాల్చిన ఎండుచేప ముక్క పెట్టి, చటుక్కున ముడి బిగించేది.

మొన్న కూడా "మావనేటీ అనకురా, ఆడికి తెలీదు" అంది. ఇప్పుడు తెలిసింది కదా. ఆ ముడి విప్పి, ఆదివారం వల మా గుమ్మంలోకి తీసుకురా. అమ్మ వేళ్లు ఇప్పుడు నెమ్మదిగా కదులుతాయి. ముడి పడేదాకా నువ్వు పక్కన కూర్చోవాలి. వస్తావో రావో శనివారంలోగా కబురు పెట్టు.

నీ మేనల్లుడు