గేటు దగ్గర ఇద్దరు

అక్కా,

నీ మోకాలి నొప్పి సంగతి తర్వాత అడుగుతాను, ముందు నా భయం విను. సైనికుల ఇళ్లకు సాయంగా తిరిగే మా ఆడవాళ్ల బృందంలో ఒక పద్ధతి ఉంది. మంచి కబురైతే ఫోను చేస్తాం. చెడ్డ కబురైతే ఇద్దరం కలిసి ఇంటికి వెళ్తాం. చెప్పేటప్పుడు మోగకూడదని గేటు బయటే ఫోన్లు ఆపేస్తాం. కొత్తవాళ్లకు ఇది నేర్పిందే నేను.

నా కోతి బుద్ధి నీకు తెలుసుగా. పోయిన నెల మా బృందంలోని బొద్దమ్మ పుట్టినరోజని, ఇంకొకామెను వెంటేసుకుని, మొహం వేలాడేసుకుని ఆమె తలుపు కొట్టాను. పాపం, మమ్మల్ని చూడగానే గోడకు జారగిలబడిపోయింది. నేను కేకు చూపించి పకపకా నవ్వాను. "నీ తలుపు దగ్గరా ఇద్దరు నిలబడాలే, అప్పుడు తెలుస్తుంది నీకు!" అని చెడతిట్టింది.

సరిహద్దులో ఉన్న మీ మరిది దగ్గర్నుంచి తొమ్మిది రోజులుగా ఫోను లేదు. ఇప్పుడు మా గేటు దగ్గర బొద్దమ్మ, ఇంకొకామె నిలబడి ఫోన్లు ఆపుతున్నారు. కసి తీర్చుకోవడానికే వచ్చారేమో. కేకు సంచి మాత్రం ఎక్కడా కనబడటం లేదు.

తలుపు కొడుతున్నారు. "తలుపు తియ్యమ్మా, మా తల్లివి కదూ" అంటోంది బొద్దమ్మ. "ఒసే కోతీ" అని తప్ప నన్ను ఏనాడూ పిలవని మనిషి.

వాళ్లు నవ్వితే ఈ కాగితం చింపేస్తాను. ఇది నీ చేతికి వచ్చిందంటే, అక్కా, ఉన్నపళంగా బయలుదేరు.